తాళం వేసిన పుస్తకం

పుస్తకం పరహస్తగతమైతే మరి తిరిగి రాదని పెద్దలు ఏనాడో హెచ్చరించారు. ఆ హెచ్చరికను పాటించినవారు బహు కొద్దిమంది. పుస్తకప్రియుడైన తెలుగు గృహస్థు ఎరువిస్తూనే వచ్చాడు, పోగొట్టుకొంటూనే వచ్చాడు, తాను కూడ ఇతరుల వద్ద ఎరువు తెచ్చుకొని, ఒకటి రెండిటిని తిరిగి ఇవ్వడం మరచిపోతూనే వచ్చాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల నడుమనే ఆంధ్రదేశంలో చదువరుల లోకం పెరిగింది. అయితే, పుస్తకం యజమాని చేతిలో ఉండగానే, దాని వెల పూర్తిగా చెల్లించి ఉండగానే, అమ్మినవాడే తిరిగి వచ్చి దానిని మాయం చేసే దినం ఒకటి వస్తుందని ఆ పెద్దలు ఊహించి ఉండరు. ఆ దినం వచ్చి పోయింది కూడ.

2009 జూలైలో అమెరికాలో ఈ వింత జరిగింది. అమెజాన్ సంస్థవారు తమ కిండిల్ అనే పఠనయంత్రం కోసం అమ్మిన రెండు నవలలు, కొనుగోలుదారులకు చెప్పకుండానే వారి యంత్రాలనుండి అదృశ్యమైనాయి. వాటిని ఆ అంగడిలో అమ్మకానికి పెట్టినవారికి అమెరికాలో ప్రచురణహక్కు లేదని తరువాత బయటపడడమే కారణం. పుచ్చుకొన్న డబ్బును సంస్థ తిరిగి ఇచ్చివేసింది. ఆ రెండు నవలలూ జార్జి ఆర్వెల్ వ్రాసినవి. వాటిలో ఒకటి ‘1984’. ఏలినవారికి గిట్టని కాగితాన్ని గోడలోని రంధ్రంలో పడవేసి బూడిద చేసే రాజ్యం కథ అది. విధి ఇంతకంటె వికటంగా పరిహసించగలదా! ఆ నవలను పాఠ్యగ్రంథంగా చదువుతూ, పుటపుటకు టిప్పణాలు వ్రాసుకొంటున్న ఒక విద్యార్థి శ్రమ మూలగ్రంథంతోపాటే వ్యర్థమైపోయింది. అతడు న్యాయస్థానానికి వెళ్లాడు. సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పుకొన్నాడు. వ్యాజ్యం రాజీతో ముగిసింది.

క్షమాపణతో ఆ ఉదంతం ముగిసినదే గాని, అది లేవనెత్తిన ప్రశ్న ముగియలేదు. వెల చెల్లించి తెచ్చుకొన్న వస్తువు కొన్నవానిదా, అమ్మినవానిదా? బియ్యపు బస్తాను గురించి గాని, చేతిగడియారాన్ని గురించి గాని ఈ ప్రశ్న ఎవరూ అడుగరు. పుస్తకాన్ని గురించి, పాటను గురించి, చలనచిత్రాన్ని గురించి ఇది నేడు అడుగక తప్పని ప్రశ్న అయి కూర్చున్నది.

తాళం పనిచేసే తీరు

అచ్చుపుస్తకం కాగితము, సిరా. దానిని చదవడానికి కన్ను, వెలుతురు చాలును. ఎలక్ట్రానిక్ పుస్తకం అటువంటిది కాదు. అమ్మేవారు దానిలోని అక్షరాలను గూఢలిపిలోనికి మార్చి పంపుతారు. ఆ గూఢలిపిని విప్పే తాళపుచెవి అమ్మినవారి అధీనంలోని సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. కొన్నవాడు తన పేరు నమోదు చేసుకొన్న యంత్రంలో పుస్తకం తెరచినప్పుడు, ఇతడు ఫలానావాడే, ఇతనికి చదివే అనుమతి ఉన్నది అని ఆ సాఫ్ట్‌వేర్ నిర్ధారణ చేసుకొని అక్షరాలను చూపుతుంది. మరొక కంపెనీ యంత్రంలోనికి మార్చుకొనడానికి, మిత్రునికి ఇవ్వడానికి, రెండవ ప్రతి తీసి దాచుకొనడానికి వీలుండదు. ఈ కట్టుదిట్టానికి వ్యాపారులు పెట్టిన పేరు ‘డిజిటల్ హక్కుల నిర్వహణ’; పొట్టిగా డీఆర్‌ఎం. నిర్వహించబడేది ఎవరి హక్కులో ఆ పేరు చెప్పదు.

ఈ ఏర్పాటులో అసలు మెలిక తాళపుచెవి అమ్మినవానివద్దనే ఉండిపోవడం. అంగడి ఉన్నంతకాలమే తాళపుచెవి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సంస్థ తన పుస్తకాల అంగడిని మూసివేస్తున్నట్లు 2019 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఆ జూలైలో, అక్కడ కొన్న పుస్తకాలన్నీ చదవడానికి పనికిరాకుండా పోయినాయి. సంస్థ మర్యాదస్థురాలే, ప్రతి పుస్తకం వెలను తిరిగి చెల్లించింది. పుస్తకాలలో టిప్పణాలు వ్రాసుకొన్నవారికి అదనంగా 25 డాలర్లు ఇచ్చింది. ఒక చదువరి ఏళ్ల తరబడి అంచులలో వ్రాసుకొన్న ఆలోచనకు ఖరీదు కట్టడం ప్రపంచంలో అదే మొదటిసారి కాబోలు.

దివాలా తీసిన పుస్తకవ్యాపారి తాను పూర్వం అమ్మిన పుస్తకాలను ఇంటింటికి తిరిగి పోగుచేసుకొనిపోయిన ఉదంతం అచ్చుయుగంలో ఒక్కటైనా వినబడదు. రాజమండ్రిలోనో బెజవాడలోనో ఏనాడో మూతపడిన ప్రచురణసంస్థల పుస్తకాలు నేటికీ ఇళ్లలో ఉన్నాయి. పాతపుస్తకాల దుకాణాలలో దొరుకుతున్నాయి. సంస్థ పోయినా పుస్తకం నిలిచింది. ఇప్పుడు సంస్థ పోతే పుస్తకమూ పోతుంది. సంస్థ నిలిచినా షరతులు మారవచ్చును. కిండిల్ పుస్తకాలను కొన్నవారు తమ కంప్యూటరులోనికి దించుకొని, తీగ ద్వారా యంత్రానికి మార్చుకొనే సదుపాయం ఏళ్ల తరబడి ఉండేది. 2025 ఫిబ్రవరిలో అమెజాన్ దానిని తొలగించింది. కొన్నప్పుడు ఉన్న వసతిని కొన్న తరువాత తీసివేయడానికి కొన్నవాని సమ్మతి అవసరం కాలేదు.

ఇళ్లలో వినవచ్చే మూడు మాటలు

ఈ విషయమై సామాన్యుల అభిప్రాయాలు మూడు విధాలుగా వినవస్తూ ఉంటాయి. ‘డబ్బు పెట్టి కొన్నది నాది, నా ఇష్టం వచ్చినట్లు వాడుకొంటాను’ అనేది మొదటిది. ‘ఇష్టం వచ్చినట్లు ప్రతులు తీసి పంచిపెడితే వ్రాసినవాడు ఏమి తిని బ్రతుకుతాడు?’ అనేది రెండవది. ‘ఫోనులో ఉచితంగా దొరుకుతూ ఉంటే కొనడమెందుకు? అందరూ చేసేదే గదా’ అనేది మూడవది. మూడవ మాట ఎక్కువగా వినబడుతుంది. రెండవ మాట రచయితల ఇళ్లలో వినబడుతుంది. మొదటి మాట అన్నవాడు తాను నిజంగా ఏమీ కొనలేదని తెలియక అంటూ ఉంటాడు.

మూడవ మాటను సమర్థించడానికి వీలులేదు. తెలుగులో గ్రంథరచన చేసి ధనవంతులైనవారిని వ్రేళ్లమీద లెక్కించవచ్చును. ఎందరో కవులు, కథకులు చేతి సొమ్ము పెట్టి కొద్దిపాటి ప్రతులు ముద్రించుకొని, సభలలో తామే అమ్ముకొంటూ ఉంటారు. అటువంటి పుస్తకాన్ని ఒకరు పుటపుటా ఫొటో తీసి వాట్సాప్‌లో వేస్తే, ఆ కొద్ది ప్రతులూ కట్టలుగానే అటకమీద మిగిలిపోతాయి. పంచినవాడు సాహిత్యసేవ చేశానని సంతోషిస్తాడు. అందుకొన్నవాడు చదవకుండానే మరి పదిమందికి పంపుతాడు. మంచి భోజనం పెట్టిన ఇంటిలో వెండిగిన్నె జేబులో వేసుకొనిపోవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

రచయితకు ప్రతిఫలం ముట్టవలె. ఈ విషయంలో వాదానికి తావు లేదు. వాదమల్లా తాళం ఆ ప్రతిఫలాన్ని రచయితకు చేర్చుతున్నదా లేదా అన్నదే.

దొంగను ఆపలేని తాళం

అనుభవం చెప్పే సమాధానం నిరాశాజనకంగా ఉన్నది. డీవీడీ బిళ్లలమీది చలనచిత్రాలను ఇతరులు నకలు తీయకుండా వాటికొక గూఢలిపి కట్టు వేశారు. 1999లో నార్వే దేశపు ఒక కుర్రవాడు, జాన్ లెక్ జోహాన్సెన్ అనేవాడు, ఆ కట్టును విప్పే సాఫ్ట్‌వేర్ వెలువడడంలో భాగస్వామి అయినాడు. అప్పటికి అతనికి నిండా పదహారేళ్లు లేవు. న్యాయస్థానం అతనిని 2003లో నిర్దోషిగా విడిచిపెట్టింది. అప్పీలులోను అదే తీర్పు వచ్చింది. తాను కొన్న బిళ్లను తన కంప్యూటరులో చూచుకొనడం నేరం కాదన్నది ఆ తీర్పుల సారాంశం. ఒక కుర్రవాడు విప్పగలిగిన కట్టును దొంగవ్యాపారి విప్పలేడా? ఏ తాళానికైనా ఒక్కడు విప్పడమే ఆలస్యం. ఆ తరువాత తాళం లేని ప్రతులు లోకమంతటా వ్యాపిస్తాయి. తాళమున్న ప్రతి డబ్బిచ్చి కొన్నవానివద్ద మాత్రమే మిగులుతుంది.

ఆ బిళ్లలకే మరొక ఆంక్ష ఉండేది. ప్రపంచాన్ని ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతానికి ఒక సంఖ్య ఇచ్చారు. అమెరికా 1, ఇండియా 5. ఒకటవ ప్రాంతానికని గుర్తు వేసిన బిళ్ల అయిదవ ప్రాంతపు యంత్రంలో ఆడదు. అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగు కుర్రవాడు అక్కడ న్యాయంగా కొన్న ఆంగ్లచిత్రాన్ని సెలవులకు గుంటూరుకు తెచ్చి తల్లిదండ్రులకు చూపబోతే, తెరమీద నిషేధపు మాట కనబడేది. వీధి చివర దొంగబిళ్ల అమ్మేవానివద్ద కొన్న అదే చిత్రం మాత్రం నిరాటంకంగా ఆడేది. నిజాయితీపరునికి శిక్ష, దొంగకు బహుమతి అనే నీతిని ఇంటింటా బోధించిన పాఠం ఇంతకు మించి లేదు.

2005లో సోనీ బీఎమ్‌జీ సంస్థ చేసిన పని మరింత విపరీతం. పాటల బిళ్లలకు నకళ్లు తీయకుండా ఆపడానికి, ఆ బిళ్లను కంప్యూటరులో పెట్టినవారి యంత్రంలో ఒక సాఫ్ట్‌వేర్ తన ఉనికి తెలియకుండా దాగి కూర్చొనే ఏర్పాటు చేశారు. మార్క్ రస్సినోవిచ్ అనే నిపుణుడు ఆ అక్టోబరులో దానిని కనిపెట్టి లోకానికి వెల్లడించాడు. అది దాగిన మరుగులోనే ఇతర దుష్ట సాఫ్ట్‌వేర్లు కూడ దాగడానికి వీలు కలిగినట్లు తేలింది. సంస్థ బిళ్లలను వాపసు తీసుకొనవలసి వచ్చింది. వ్యాజ్యాలు ఎదుర్కొనవలసి వచ్చింది. పాట కొన్నవాని ఇంటిలోనికి పాటతోపాటు కావలివానిని కూడ పంపిన ఆ సంస్థకు, ఇంటివాడు దొంగ అనే నమ్మకం ఎంత గట్టిగా ఉన్నదో దీనినిబట్టి తెలుస్తున్నది.

తాళం తీస్తే వ్యాపారం కూలిపోతుందనే భయం కూడ పరీక్షకు నిలువలేదు. ఇంటిలో టెలివిజన్ కార్యక్రమాన్ని టేపుమీద పట్టుకొని తీరికవేళ చూచుకొనడం దోషం కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లో, అయిదుగురు ఒక ప్రక్క, నలుగురు ఒక ప్రక్కగా, తీర్పు చెప్పింది. ఆ టేపుయంత్రం తమకు మృత్యువని చిత్రనిర్మాతలు మొరపెట్టుకొన్నారు. కొద్దికాలానికి టేపుల అమ్మకం, అద్దె వారికే పెద్ద ఆదాయమార్గమైనవి. ఆపిల్ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్ పాటలకు తాళాలు అనవసరమని 2007 ఫిబ్రవరిలో బహిరంగలేఖ వ్రాశాడు. 2009లో ఆ సంస్థ తన అంగడిలోని పాటలన్నిటికీ తాళాలు తీసివేయసాగింది. పాటల వ్యాపారం మునిగిపోలేదు. సరసమైన ధరకు, సుకరంగా దొరికే వస్తువును కొనడానికి జనం సిద్ధంగానే ఉన్నారని ఆ అనుభవం చెప్పింది.

ప్రతులే ప్రాణం

ఇంతవరకు చెప్పినది కొన్నవాని నష్టం. తెలుగు సాహిత్యానికి సంబంధించినంతవరకు ఇంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది. ఏ భాషలోనైనా గ్రంథం నిలిచేది దాని ప్రతులవల్ల. తాటియాకుకు ఆయువు పరిమితం. ఈ దేశపు తేమకు, చెదలకు, పురుగులకు అది ఎదురునిలువలేదు. తరానికి ఒక లేఖకుడు గంటం పట్టి క్రొత్త ప్రతి వ్రాసినందువల్లనే కవిత్రయంవారి భారతం నేటి పాఠకునికి దక్కింది. తాళపత్రప్రతుల చివర లేఖకులు, నూనెనుండి, నీటినుండి, వదులైన కట్టునుండి తమ వ్రాతను కాపాడుమని చదువరిని ప్రార్థించేవారు. నకలు తీయవద్దని వారు కోరినట్లు ఎక్కడా కనబడదు. నకలు తీయడమే కాపాడడమని వారికి తెలుసును.

ప్రతులు కరవైన గ్రంథాల గతి ఏమైనదో తెలుగువారికి చెప్పనక్కరలేదు. నన్నెచోడుని కుమారసంభవం శతాబ్దాలపాటు పండితలోకానికే మరుగుపడి ఉండగా, మానవల్లి రామకృష్ణకవి వెలికి తీసి 1909లో ప్రకటించాడు. ఎక్కడనో ఒక ప్రతి మిగిలి ఉండబట్టి ఆ మహాకావ్యం బ్రతికింది. మిగలని కావ్యాల పేర్లు లక్షణగ్రంథాలలో ఉదాహరణలుగా మాత్రమే కనబడతాయి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను స్వంత ఖర్చుమీద పోషించి, ఊరూరినుండి తెప్పించిన తాళపత్రాలకు సాపుప్రతులు వ్రాయించకపోతే ఎన్ని గ్రంథాలు మట్టిలో కలిసిపోయేవో! 1829లో అతడు వేమన పద్యాలను అచ్చువేయించగలిగినది, వాటిని జనం ఎవరికి తోచినట్లు వారు వ్రాసుకొని దాచుకొన్నందువల్లనే. వేమన పద్యానికి ఎవరూ తాళం వేయలేదు.

తాళం వేసిన భాండారం కథ కూడ తెలుగుదేశంలో ఒకటి ఉన్నది. తాళ్లపాక అన్నమాచార్యుని, ఆయన సంతతివారి సంకీర్తనలను రాగిరేకులమీద చెక్కించి తిరుమల ఆలయంలోని ఒక చిన్న గదిలో భద్రపరచారు. సుమారు 2,500 రేకులు. రాగికి చెదలు పట్టదు, రేకులు చెక్కుచెదరలేదు. కాని శతాబ్దాల తరబడి, నోటినుండి నోటికి నిలిచిన కొద్ది కీర్తనలు తప్ప, ఆ పాటలు పాడిన గొంతు లేదు. 1922 ప్రాంతాన గది తెరచి రేకులు బయటికి తెచ్చి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలైనవారు వాటిని పరిష్కరించి ప్రతులు అచ్చువేయించిన తరువాతనే, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు రాగాలు కట్టిన తరువాతనే, అన్నమయ్య తెలుగువారి ఇంటి పాట అయినాడు. ఆ గదికి తలుపు మాత్రమే అడ్డం. తలుపు తెరచినవానికి రేకుమీది తెలుగులిపి కంటికి కనబడింది. నేటి ఇ-పుస్తకానికి రేకుమీదనే తాళం ఉన్నది. తాళపుచెవి గల సంస్థ అంతరించిన నూరేళ్లకు గది తెరచే పండితునికి కనబడేది అర్థంకాని అంకెల వరుస మాత్రమే.

అధికారభయం సంగతి కూడ ఆలోచించవలసి ఉన్నది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 1922లో వెలువడగా మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. నిషేధించగలిగినదే గాని తుడిచివేయలేకపోయింది. అమ్ముడుపోయిన ప్రతులను తిరిగి రాబట్టాలంటే పోలీసు ప్రతి ఇంటి గడపా తొక్కవలసి ఉండేది. ఇప్పుడు ఆ శ్రమ అక్కరలేదు. 2009 నాటి ఉదంతంలో జరిగినట్లు, ఎక్కడనో ఒక కార్యాలయంలో ఒక మీట నొక్కితే చాలును. నాడు మీట నొక్కినది వ్యాపారసంస్థ. కారణం హక్కుల తగాదా. రేపు నొక్కుమని ఆజ్ఞాపించేది ఎవరో, కారణం ఏమిటో ఎవరు చెప్పగలరు?

గ్రంథాలయాల మాట

ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం స్వాతంత్ర్యోద్యమానికి కవలతోబుట్టువు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో స్థాపితమైనాయి. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా తిరిగి పఠనమందిరాలు నెలకొల్పారు. 1930లలో కృష్ణాడెల్టా కాలువలమీద పుస్తకాలు పడవనెక్కి పల్లెలకు పోయాయి. ఒక దాత కొని ఇచ్చిన ఒక్క ప్రతిని వందలమంది చదివారు. రచయితకు ఒక్క ప్రతి డబ్బే ముట్టినది నిజమే. కాని ఆ వందమందిలోనుంచి తరువాతి పుస్తకాన్ని కొనేవారు, కొన్నాళ్లకు తామే పుస్తకం వ్రాసేవారు బయలుదేరారు. తరువాతి కాలంలో రోజుకు ఇంత అని నవలలు అద్దెకిచ్చే బడ్డీకొట్లు కూడ ఆ పనే చేశాయి.

కాగితపు పుస్తకాన్ని ఎరువిచ్చే గ్రంథాలయం ఎవరి అనుమతీ కోరలేదు. కొన్న పుస్తకం దానిది. తాళం వేసిన పుస్తకాన్ని ఎరువివ్వాలంటే ప్రచురణకర్త విధించిన షరతులకు లోబడి అనుమతిపత్రం పుచ్చుకొనాలి; గడువు తీరగానే తిరిగి డబ్బు చెల్లించాలి. పెద్ద విశ్వవిద్యాలయాలకు ఇది సాధ్యం కావచ్చును. గ్రామంలో పది బీరువాలతో నడిచే గ్రంథాలయానికి ఎట్లు సాధ్యం?

అంధపాఠకుల విషయం వేరుగా చెప్పాలి. అక్షరాన్ని ధ్వనిగా మార్చి చదివి వినిపించే యంత్రాలు వారికి క్రొత్త కన్నులు ఇచ్చాయి. కాని 2009లో కిండిల్ బిగ్గరగా చదవగలిగినప్పుడు, అమెరికాలోని రచయితల సంఘం అభ్యంతరం చెప్పగా, ఏ పుస్తకం నోరు విప్పవచ్చునో నిర్ణయించే అధికారం ప్రచురణకర్తలకు ఇచ్చారు. కొన్న పుస్తకం నోరు కట్టివేశారన్నమాట. ఇటువంటి అడ్డంకులను తొలగించడానికి 2013లో మరాకెష్ నగరంలో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది. దానిని 2014లో అన్ని దేశాలకంటె ముందుగా ధ్రువపరచినది భారతదేశం. ఆ గౌరవం నిలుపుకొనవలసిన బాధ్యత కూడ ఈ దేశానిదే.

చట్టం ఏమంటున్నది?

1998 నాటి అమెరికా చట్టం తాళం విప్పడాన్నే తప్పుగా పరిగణించింది. ఏయే పనులకు మినహాయింపు ఇవ్వవచ్చునో మూడేళ్లకొకసారి విచారించి నిర్ణయిస్తారు. భారతదేశపు కాపీరైటు చట్టం 1957 నాటిది. దానికి 2012లో చేర్చిన 65-ఏ నిబంధన అంత కఠినం కాదు. చట్టం ఇచ్చిన హక్కులను అతిక్రమించే ఉద్దేశంతో తాళం విప్పినవానికి రెండేళ్లవరకు ఖైదు, జరిమానా విధించవచ్చునన్నది. చట్టం నిషేధించని పనికోసం విప్పడానికి అడ్డు చెప్పలేదు. స్వంత పఠనానికి, పరిశోధనకు న్యాయమైన వినియోగాన్ని 52వ నిబంధన ఏనాడో అనుమతించింది. ఉద్దేశాన్ని అడిగే చట్టం, ఉద్దేశాన్ని అడుగని చట్టంకంటె మంచిదనడంలో సందేహం లేదు.

అయినా లోపం లేకపోలేదు. తాళం విప్పుకొనే స్వేచ్ఛ ఉన్నదన్నంత మాత్రాన తాళపుచెవి ఇవ్వవలసిన బాధ్యత అమ్మినవానిమీద పడలేదు. ఈత రానివానికి ఏరు దాటడానికి అనుమతి ఇచ్చి పడవను దాచినట్లున్నది. ప్రజాగ్రంథాలయాలు తమవద్ద ఉన్న పుస్తకాన్ని సంరక్షణార్థం ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచుకొనవచ్చునని అదే సవరణ అనుమతించింది. కాని ఆ పుస్తకం కాగితపు రూపంలో తమవద్ద ఉండాలన్నది షరతు. కాగితం మీద ఎన్నడూ అచ్చుకాని పుస్తకానికి ఆ రక్షణ లేదు. ప్రతి ప్రచురణకర్తా తన పుస్తకాన్ని కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు గ్రంథాలయాలకు పంపాలని 1954లో ఒక చట్టం చేశారు. అది అచ్చుపుస్తకాన్ని దృష్టిలో పెట్టుకొని వ్రాసిన చట్టం.

అన్నిటికంటె ముఖ్యమైన లోపం గడువుకు సంబంధించినది. ఈ దేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లవరకు హక్కు అతని వారసులది. ఆ పిమ్మట గ్రంథం ప్రజలందరిది. ఇది రచయితకు, లోకానికి కుదిరిన ఒప్పందం. చలం 1979లో గతించాడు. 2039తో ఆయన రచనలమీది హక్కు తీరిపోతుంది. శ్రీశ్రీ 1983లో గతించాడు, 2043తో తీరిపోతుంది. చట్టానికి ఈ లెక్క తెలుసును. తాళానికి పంచాంగం లేదు. హక్కు తీరిన మరునాడు అది తనంతట తాను ఊడిపడదు. చట్టం గడువుపెట్టి ఇచ్చిన హక్కును యంత్రం శాశ్వతం చేస్తూ ఉంటే, ఒప్పందంలో లోకానికి రావలసిన సగం ఎగవేసినట్లే.

చేయదగిన పనులు

తాళాలను అన్నిటినీ తక్షణం బ్రద్దలు కొట్టాలనడం ఆచరణయోగ్యం కాదు. నెలకింత అని చెల్లించి చూచే చలనచిత్రాలకు, గడువుపెట్టి ఎరువిచ్చే పుస్తకాలకు తాళం ఉండడంలో అన్యాయం లేదు. అది అద్దె అని ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ తెలుసును. అన్యాయమల్లా అద్దెను అమ్మకమని చెప్పడంలో ఉన్నది. అందుచేత మొదట జరుగవలసినది మాటల సంస్కారం. 2024లో కాలిఫోర్నియా రాష్ట్రం ఇందుకొక చట్టం చేసింది. అది 2025 జనవరినుండి అమలులోనికి వచ్చింది. వెనుకకు తీసుకొనగల అనుమతిని మాత్రమే ఇస్తూ, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనరాదని దాని సారాంశం. తూనికలో మోసాన్ని, కల్తీని శిక్షించే ఈ దేశం, మాటలో కల్తీని కూడ శిక్షించవచ్చును.

రెండవది, అమ్మకమని చెప్పి అమ్మినదానికి అమ్మకపు లక్షణాలు ఉండాలి. కొన్నవాడు ఒక యంత్రంనుండి మరొక యంత్రానికి మార్చుకొనగలగాలి. తన బిడ్డలకు వదలిపోగలగాలి. అంగడి మూసేవాడు డబ్బు వాపసు ఇచ్చి చేతులు దులుపుకొనరాదు. మూసేముందు తాళాలు తీసి పుస్తకాలను విడుదల చేయాలి. మూడవది, 1954 నాటి చట్టాన్ని సవరించి, తాళం లేని ఒక ఎలక్ట్రానిక్ ప్రతిని జాతీయ గ్రంథాలయంలోను, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఒక్కొక్క గ్రంథాలయంలోను నిక్షేపించే ఏర్పాటు చేయాలి. హక్కు గడువు తీరేవరకు ఆ ప్రతి భద్రంగా ఉండవచ్చును. తీరిన తరువాత అందరిదీ కావలె.

తెలుగు ప్రచురణకర్తలు చట్టంకోసం ఎదురుచూడనక్కరలేదు. కొన్నవాని పేరు ప్రతిమీద ముద్రించి, తాళం లేకుండా, సరసమైన ధరకు అమ్మే పద్ధతి ఉన్నది. తన పేరు వ్రాసి ఉన్న ప్రతిని ఊరంతటికీ పంచడానికి మర్యాదస్థుడు జంకుతాడు. మర్యాద లేనివానిని ఏ తాళమూ ఎట్లాగూ ఆపదు.

పాఠకునికి కూడ కర్తవ్యం ఉన్నది. తన హక్కును అడిగే నోరు, రచయిత హక్కును కాజేసిన చేయి ఒకే మనిషివి కారాదు. జీవించి ఉన్న రచయిత పుస్తకాన్ని వెలపెట్టి కొన్నవానికే, ఆ పుస్తకం తనదని గట్టిగా చెప్పే అధికారం ఉన్నది. తెలుగులో పుస్తకాలు కొనేవారు ఎలాగూ తక్కువ. ఉన్న ఆ కొద్దిమందినీ దొంగలుగా భావించి తాళాలు వేస్తే, వారు కూడ కొనడం మానివేస్తారు. అప్పుడు ఆ తాళాలు కాపాడడానికి లోపల పుస్తకాలే ఉండవు.